ఐస్‌క్రీమ్ కొట్టు ఖాళీ అయ్యాక

కంటి ఆసుపత్రి వీధిలో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా ఒకే కళ్లజోళ్ల షాపులో, ఒకే యంత్రం ముందు నిలబడి, అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని ఆమెది. షాపు పెద్దాయన ముందుగదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసుకునేవాడు. వెనకగదిలో తిరిగే చక్రం మీద చుక్కచుక్కగా నీళ్లు పడుతూ, తెల్లటి బురద మోచేతుల దాకా చిందుతూ ఉంటే అద్దాలక్క తలెత్తకుండా పని చేసుకుపోయేది. ఆమె బిగించిన కళ్లజోడు ముక్కు మీద నిలిచిందంటే మళ్లీ జారదు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. పేరు మాత్రం షాపుది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఆమె నడుము మొండికేసింది. బిళ్లలు మింగి లాభం లేదు, ఈత కొట్టమంది డాక్టరు. నలభై నాలుగేళ్లొచ్చాక ఈతేమిటని నవ్వబోయింది గాని నడుము నవ్వనివ్వలేదు. మునిసిపాలిటీ ఈత కొలనులో వేసవి మూడు నెలలూ పొద్దున్నే ఆరింటికి ఆడవాళ్లకు నేర్పుతారని తెలిసి వెళ్లి చేరింది.

బెండు అక్కడే పరిచయమైంది. ఆ పేరు ఈత నేర్పే మేడం పెట్టింది. సన్నగా పొడుగ్గా ఉండే ఆ మనిషి మొదటిరోజే నీళ్ల మీద తేలిపోయింది. పక్కనే అద్దాలక్క గట్టు వదిలీ వదలగానే అడుక్కి చేరింది. "ఒకరు బెండు, ఒకరు గుండు. ఇద్దర్నీ కలిపి కడితే సరిగ్గా మధ్యలో ఉంటారు," అంది మేడం. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. గుండు పేరు రెండు రోజుల్లో మాసిపోయింది. బెండు పేరు మాత్రం అతుక్కుపోయింది.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి అనుకుంది అద్దాలక్క మొదట్లో. తరువాత తెలిసింది, బెండుకు వినడం కూడా వచ్చని. ఆమె భర్త మందుల కంపెనీ పని మీద నెలలో ఇరవై రోజులు బయట ఊళ్లలోనే ఉంటాడు. ఇంట్లో గోడలతో మాట్లాడీ మాట్లాడీ మనిషి మాటకు మొహం వాచిపోయి ఉంది. అద్దాలక్క పరిస్థితీ అంతంత మాత్రమే. ఆమె భర్త బస్సు డిపోలో టైర్లు మార్చి మార్చి వచ్చి అన్నం కలుపుతూ కలుపుతూనే కునుకు తీసేవాడు. పెళ్లయిన కూతురు ఫోను చేస్తే తన పిల్లవాడి దగ్గు తప్ప వేరే ఊసెత్తదు.

ఈత అయ్యాక తడిజుట్టుతో ఇద్దరూ ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న ఐస్‌క్రీమ్ కొట్టు మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. కొట్టు పదకొండు దాటితే గాని తెరవరు. అద్దాలక్క షాపు తొమ్మిదిన్నరకు. ఎనిమిదింటికి ఈత అయ్యాక షాపు తెరిచేదాకా ఆ గంటన్నర వాళ్లిద్దరిది.

"అక్కా, నీకేం కావాలని ఉంటుంది?" అని అడిగింది బెండు ఒకరోజు.

ఏం వండావు, ఎప్పుడొస్తావు, ఎంత సేపు పడుతుంది అని అడిగినవాళ్లున్నారు గాని, ఈ మాట అడిగినవాళ్లు లేరు. అద్దాలక్క గ్లాసు కింద పెట్టి, వెనక మూసి ఉన్న షట్టరు మీద చెయ్యి వేసింది.

"ఇదే. ఈ గది. కొట్టాయనకు ఓపిక అయిపోయింది, ఈ వేసవితో ఖాళీ చేస్తాడట. ఆసుపత్రి నుంచి చీటీ పట్టుకుని బయటికొచ్చే మనిషికి ముందు కనపడేది ఇదే కదే. మా షాపుకి రావాలంటే మలుపు తిరగాలి. కళ్లలో మందు వేయించుకున్న ముసలివాళ్లు ఈ ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని గోడలు తడుముకుంటూ వస్తారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది."

ఇక ఆగలేదు. పదేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా ఆ పూట బయటపడింది. గుమ్మం పక్కనే ఎత్తు తక్కువ బల్ల వేయాలి, కాళ్లు లేవనివాళ్లు కూడా కూర్చునేలా. మందు వేసిన కళ్లకు వెలుగు గుచ్చుకోకుండా అక్కడ నల్ల తెర కట్టాలి. నిలువుటద్దం కిటికీ దగ్గర పెట్టాలి, ట్యూబులైటు కింద ఎవరి మొహమైనా రోగిష్టి మొహమే. యంత్రం మాత్రం వెనకగదిలో కాదు, ముందే, గాజుపలక వెనకాల. తమ అద్దాలు తయారవుతుంటే జనం చూడాలి. మాట్లాడుతూ మాట్లాడుతూనే సంచిలోంచి ఒక పాత చీటీ తీసి, దాని వెనక గీతలు గీసి చూపించింది.

"మీ ఆయనకు చెప్పావా?"

"చెప్పాలి. డిపో సంఘంలో అప్పు పెట్టించాలి. కాస్త ఈ ఎండలు పోనీ."

"మీ పెద్దాయనకి?"

"అమ్మో. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

"నా పెదవి దాటదులే," అని బెండు ఆ చీటీ మడిచి తన పర్సులో పెట్టుకుంది. "ఇది నా దగ్గర ఉండనీ, నీ దగ్గరుంటే చీటీల్లో చీటీ అయిపోతుంది. కొట్టాయనతో కూడా నేనే మాట్లాడతా. నువ్వు అడిగితే సాయంత్రానికి మీ పెద్దాయన చెవిన పడుతుంది."

అద్దాలక్కకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ వేసవంతా ఇద్దరూ ఆ గదినే కట్టుకున్నారు. గోడకు ఏ రంగు, తలుపుకు గంట ఉండాలా వద్దా, పిల్లల ఫ్రేములు ఎంత ఎత్తులో. బెండు ఒక్కో ప్రశ్నా వేసేది. అద్దాలు టోకున ఎక్కడ తెస్తారు, ఏ యంత్రం మంచిది, పాతది దొరుకుతుందా. ఇంత శ్రద్ధగా అడిగేవాళ్లు సొంతవాళ్లలో కూడా ఉండరని అద్దాలక్క మురిసిపోయింది.

వేసవి చివరి వారం బెండు ఈతకు రాలేదు. అడిగితే ఇంటికి చుట్టాలొచ్చారని ఫోనులో ముక్తసరిగా చెప్పింది. ఎండ పలచబడింది. సాయంత్రాలు మబ్బు పడుతోంది. ఆఖరిరోజు అద్దాలక్క కొలను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎక్కడా ఆగకుండా ఈదింది. తల పైకెత్తి ఊపిరి పీల్చుకుంటూ బెండు కోసం చూసింది. ఎవరూ లేరు. వాచ్‌మన్ నీళ్లు వదిలేయడానికి తూము తిప్పుతున్నాడు.

ఇంకేం ఆలస్యం చేయకూడదని ఆ పొద్దున అటునుంచి అటే ఐస్‌క్రీమ్ కొట్టుకు వెళ్లింది. పెద్ద ఫ్రిజ్ పెట్టెను ఇద్దరు కూలీలు వ్యాను ఎక్కిస్తున్నారు. కొట్టాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు.

"రా అమ్మా. అంతా నువ్వు అనుకున్నట్టే అవుతోంది. మీ చెల్లెలు గట్టి మనిషి. గది యజమాని వంకలు పెడుతుంటే రెండు రోజుల్లో కాగితాలు రాయించేసింది."

"ఏ కాగితాలు?"

"గదివి. నీ కోసమే కదా?"

లోపలి నుంచి రంపం చప్పుడు వస్తోంది. అద్దాలక్క గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. కిటికీ పక్క నిలువుటద్దానికి చట్రం బిగించి ఉంది. గుమ్మం పక్కన ఎత్తు తక్కువ బల్ల. మధ్యలో గాజుపలక నిలబెట్టడానికి వడ్రంగి కొలత తీసుకుంటున్నాడు. గోడకు మేకుతో గుచ్చిన కాగితం చూసి మళ్లీ కొలుస్తున్నాడు. ఆ కాగితం మీది గీతలు తనవి. ఇప్పుడు వాటి పక్కన ఎవరివో అంకెలున్నాయి.

ముప్పై ఏళ్ల మనిషి ఒకడు చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. మొహంలో బెండు పోలికలు. "మీరేనా అద్దాలక్క? మా అక్క మీ గురించి చెప్పని రోజు లేదు. మీకేం భయం లేదు, ఒకటో తారీఖు నుంచి వచ్చేయండి. అక్కడ ఇచ్చేదాని మీద కాస్త ఎక్కువే ఇస్తాను. యంత్రం కూడా మీకు నచ్చిందే తెప్పిస్తున్నా," అన్నాడు.

కుర్రతనం తప్ప అతని మాటలో కల్లాకపటం ఏమీ లేదు. అద్దాలక్క సరేనని గాని కాదని గాని అనకుండా మెట్లు దిగింది.

బెండు ఇల్లు రెండు వీధుల అవతల, రెండో అంతస్తులో. తలుపు తీస్తూనే ఆమె మొహం వెలిగిపోయింది. "చూసేశావా? అయ్యో, అంతా అయ్యాక నేనే తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను అక్కా."

"ఎవరి కోసం చేశావే ఇదంతా?"

"నీ కోసమే. మా తమ్ముడు ఫోన్ల దుకాణం ఎత్తేసి, చేతిలో డబ్బు పెట్టుకుని ఏం చేయాలో తెలీక తిరుగుతున్నాడు. నీకు పని తెలుసు, చేతిలో డబ్బు లేదు. ఇద్దర్నీ కలిపాను. తప్పా?"

"నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

అద్దాలక్క గోడకు ఆనుకుంది. నీళ్లలో ఉండి వచ్చిన జుట్టు నుంచి వీపు మీదికి ఇంకా చెమ్మ దిగుతోంది.

బెండు గొంతు తగ్గించింది. "కోప్పడకు. మూడు నెలలు చూశాను కదా నిన్ను. ఎండలు పోనీ, వానలు పోనీ అంటూ ఆ మెట్ల మీదే కూర్చునేదానివి. నువ్వు ఎప్పటికీ ఆ షట్టరు తెరిచేదానివి కాదు అక్కా. ఇప్పుడు తెరుచుకుంది. నువ్వు అనుకున్నట్టే అన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు."

అందులో సగం నిజం ఉండబట్టే అది ఎముకల దాకా దిగింది.

"కూర్చునేదాన్నేమో," అంది అద్దాలక్క. "కూర్చుంటే నా ఆశ ముందు నేను కూర్చునేదాన్ని. నీకేం నష్టమే? నేను నీకు గది సంగతి చెప్పాననుకున్నావా? నా సంగతి చెప్పుకున్నాను. అది పట్టుకెళ్లి మీ తమ్ముడికి ఇచ్చావు."

"తమ్ముడంటే నాకు పరాయివాడా?"

"నేను పరాయిదాన్నే కదా."

బెండు ఏడ్చింది. నటన కాదు, నిజంగానే ఏడ్చింది. అద్దాలక్క చెయ్యి ఆ భుజం మీదికి వెళ్లబోయి ఆగింది. ఇంకాసేపుంటే తనే ఓదార్చాల్సి వస్తుందని భయపడి దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం భర్తకు మొత్తం చెప్పింది. అతను నిద్రపోకుండా విన్నాడు. "పని అదే, జీతం ఎక్కువ, నడక తక్కువ. పోయిందేముంది?" అన్నాడు. ఆమె కంచంలో అన్నం అలాగే ఉంది. అది చూసి తన కంచం పక్కకు జరిపాడు. తరువాత, "సంఘంలో అప్పు అడిగితే ఇచ్చేవాళ్లు. బయటివాళ్లకు చెప్పావు, నాకు చెప్పలేదు," అని చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు షాపులో పెద్దాయన మామూలుగా పలకరించలేదు. అద్దాలు టోకున ఎవరిస్తారో కనుక్కుంటూ బెండు తమ్ముడు ఆయనకే ఫోను చేశాడట. మాటల్లో మాటగా, మీ అద్దాలక్క మా దగ్గరికే వస్తోంది అని కూడా అన్నాడట.

"ఎప్పుడు మానేస్తున్నావు?" అన్నాడు పెద్దాయన.

"మానేయడం లేదు సార్."

"వెళ్లాలని లేదా?"

అబద్ధం ఆడటం ఆమెకు చేతకాలేదు. "వెళ్లాలని ఉండేది సార్. అక్కడికి కాదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "పందొమ్మిదేళ్లు. ఒక్కమాట నాతో అనాలని అనిపించలేదు." వారం తిరక్కుండా ఇంకో పనివాణ్ణి తెచ్చి యంత్రం పక్కన నిలబెట్టాడు. పని నేర్పమన్నాడు. అద్దాలక్క నేర్పింది. షాపు తాళాలు మాత్రం ఆ తరువాత ఆమె చేతికి రాలేదు.

ఐస్‌క్రీమ్ కొట్టు గది కళ్లజోళ్ల షాపుగా తెరుచుకుంది, జనం వెళ్తున్నారు. మొదటి వానలకు ముసలివాళ్లు ఆ తక్కువ ఎత్తు బల్ల మీద కూర్చుని గొడుగులు ముడుచుకోవడం ఆమె రోజూ చూసేది. ఇంటికి ఇంకో చుట్టుదారి ఉన్నా అటు వెళ్లలేదు. తప్పు చేయనప్పుడు నేనెందుకు దారి మార్చుకోవాలి అనుకుంది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బెండు షాపులోకి వచ్చింది. చేతిలో చీటీ, ముక్కు మీద జారిపోతున్న కళ్లజోడు. పెద్దాయన భోజనానికి వెళ్లాడు. కొత్తవాడు వెనక ఉన్నాడు.

"మావాడు పెట్టుకున్న మనిషికి చెయ్యి తిరగలేదు అక్కా. తల తిరుగుతోంది దీంతో."

"కూర్చోండి," అంది అద్దాలక్క.

బెండు కూర్చోలేదు. "నన్ను మీరు అంటున్నావా?"

"షాపుకి వచ్చినవాళ్లను అలాగే అంటాం. కూర్చోండి."

కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే ఎదురుగా జానెడు దూరంలో కూర్చుని కళ్లలోకి చూడాలి. వేరే దారి లేదు. అద్దాలక్క చిన్న స్కేలు తీసి ఆమె ముక్కు మీద ఆనించింది. "నా ఎడమ కంట్లోకి చూడండి." బెండు చూసింది. రెండు క్షణాల్లో ఆ కళ్లు నిండిపోయి, పాపల అంచులు చెదిరిపోయాయి.

"తుడుచుకోండి. కొలత తప్పుతుంది."

తుడుచుకున్నాక మళ్లీ కొలిచి, చీటీ మీద అంకె వేసి, గురువారం రమ్మంది. గుమ్మం దాకా వెళ్లి బెండు వెనక్కి తిరిగింది. "ఒక్కసారి తిట్టరాదూ?" అంది. అద్దాలక్క అప్పటికే ఫ్రేము మరలు విప్పుతోంది.

ఆ కళ్లజోడును ఆమె ఎప్పటిలాగే చేసింది. చెడగొట్టి చేయడం చేతులకు అలవాటు లేదు. గురువారం బెండు భర్త వచ్చి తీసుకెళ్లాడు.

తరువాతి నెలలో అద్దాలక్క భర్త డిపో సంఘం నుంచి అప్పు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బస్టాండు వెనక ఒక గది ఉందన్నాడు. ఆసుపత్రికి దూరమే, చూస్తే తప్పేముందన్నాడు. ఇద్దరూ వెళ్లి చూశారు. గది పరవాలేదు. గోడకు ఏ రంగు వేద్దామని అతను అడిగాడు. ఏదైనా సరే అంది. కూతురు ఫోను చేసి ఇంకేమిటి విశేషాలని అడిగింది. ఏమీ లేవు, పిల్లవాడి దగ్గు ఎలా ఉందని అడిగింది అద్దాలక్క.