రిమార్కుల గడి

యాస్మిన్ ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు. నిండు లోడు లారీ టైర్ల కింద తారురోడ్డు ఎంత కుంగిందో ఎవరో కొలిచి పంపిస్తే, ఆమె గుంటూరు బ్రాడీపేటలో ఫ్యాను కింద కూర్చుని ఆ కొలతల్ని దిద్దుతుంది. వేడికి తారు మెత్తబడి రోడ్డు ఎక్కువ కుంగుతుంది, చల్లని పూట తక్కువ. అందుకని అన్నిటినీ ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కొలిచినట్టుగా మార్చాలి. అప్పుడే ఏ రోడ్డు బాగుందో, ఏది పాడైందో తేలేది.

భర్తతో విడిపోయి ఆరేళ్ళు. ఆఫీసులో పని తప్ప పలకరింపు లేదు. గదికి వెళ్తే పనీ లేదు. ఆమెతో మాట్లాడే మనిషల్లా పిచ్చయ్య ఒక్కడే. అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. చిలకలూరిపేట వైపు రోడ్ల మీద కొలతలు తీసే ఆ పెద్దాయన, కాగితంలో ప్రతి వరసకీ రిమార్కులని ఉన్న చివరి గడిలో రోడ్డు సంగతితో పాటు తన సంగతులూ రాసేవాడు. ‘మిరపకాయలు ఆరబోశారు. బతిమాలి జరిపించాం. ఒకటే తుమ్ములు.’ ‘పత్తి లారీ పోయింది, రోడ్డంతా తెల్లగా ఉంది.’ ‘భోంచేశారా?’ కంప్యూటరుకి ఆ గడి అక్కర్లేదు. యాస్మిన్ మాత్రం ముందు అదే చదివేది.

ఏప్రిల్లో వచ్చిన కాగితాన్ని ఆమె రెండుసార్లు చూసింది. గంటగంటకీ చూడాల్సిన రోడ్డు వేడి పొద్దున తొమ్మిదింటికీ ముప్పై అయిదే, మిట్టమధ్యాహ్నమూ ముప్పై అయిదే. అట్టు పోస్తే కాలే రోడ్డుకి ఇవేం కాకిలెక్కలు! పైవాళ్ళకి చెబితే పెద్దాయన పని ఊడుతుంది. ఊరుకుంటే రోడ్డు లెక్క తప్పుతుంది. చాలాసేపు ఆలోచించి ఫోన్ చేసింది.

“పిచ్చయ్యగారూ, నేను యాస్మిన్‌ని, గుంటూరు ఆఫీసు నుంచి.”

ఎందుకు చేసిందో అడక్కుండానే అతను అందుకున్నాడు.

“ముప్పై అయిదు చూశారా అమ్మా? దిద్దే పనుండదని అదే వేశా. కుంగింది చూపే డయలు ముల్లయితే కనపడుద్ది. థర్మామీటర్లో ఆ సన్నగీత కనపట్టంలా. ఇన్నాళ్ళూ లారీ డ్రైవరు జోసఫ్ చదివి చెప్పేవాడు. వాడు మానేసి చీరాల ఎల్లిపోయాడు. కొత్తోడు లారీ దిగడు. ఈ పని కూడా పోతే ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాలమ్మా.”

“మళ్ళీ కొలుద్దామండీ. ఆ గీత నేను చూస్తాను.”

వేడి లెక్కలు తప్పాయని, దగ్గరుండి మళ్ళీ తీయిస్తానని ఆఫీసులో చెప్పింది. ఎవరి తప్పో చెప్పలేదు. ఆదివారం చిలకలూరిపేటకి మొదటి బస్సెక్కింది.

పిచ్చయ్య తారులో చిన్న రంధ్రం చేసి, వేడి సరిగా అందేలా గ్లిజరిన్ పోసి, థర్మామీటరు దించాడు. ఆమె వంగి చూసి “నలభై ఏడు” అంది. అతను రాసుకున్నాడు. మధ్యాహ్నం లారీ నీడలో ఇద్దరూ క్యారేజీలు విప్పారు. చనిపోయిన భార్య గురించి అతను చెప్పాడు. తన ఆరేళ్ళ గురించి ఆమె చెప్పింది. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

బస్సు వచ్చే ముందు అతనన్నాడు: “కనపడని కళ్ళతో కొలవకూడదమ్మా. రేపు మీ సారుకి నేనే చెప్పి మానేస్తా.”

ఉండమందామనుకుంది. ఈలోగా బస్సొస్తే ఎక్కేసింది.

సోమవారం లెక్కలు చక్కగా కుదిరాయి. రోడ్డు అనుకున్నంత పాడవలేదని తేలింది. రిమార్కుల గడులు మాత్రం పైనుంచి కింద దాకా ఖాళీ. చెప్పాల్సిందంతా నిన్న ఎదురుగానే చెప్పేశాడాయె, ఇంకేం రాస్తాడు? అది తెలిసీ యాస్మిన్ ఒక్కో గడీ వెతుక్కుంటూ చివరి దాకా వెళ్ళింది. అక్కడా ఏమీ లేదు. బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.