రెండువందల అరవై అక్షరాల దారి

నా బతుకులో సిగ్గుమాలిన పని ఒకటి చేశాను, అదీ నవ్వుతూ చేశాను. అందరూ నవ్వారు కూడా. ఒక్క మనిషి తప్ప.

ఫిజీ రాజధాని సువాలో మా ఆఫీసంటే మూడు గదులు. ఊళ్లల్లో పెద్దవాళ్లు పాడే మెకే పాటలు, చెప్పే వంశకథలు రికార్డు చేసి భద్రంగా దాచడం మా పని. ఊళ్లు తిరిగి రికార్డు చేసేది సెతారెకి. యాభై ఎనిమిదేళ్లు, భారీ మనిషి, మెత్తని గొంతు. తెచ్చినవి కంప్యూటర్లలో సర్దేది నేను. నా పేరు ఉనైసి. మా ఇద్దరి మీదా షరీన్ మేడమ్.

సెతారెకిది కండవు దీవి, నాది కోరో దీవి. మా రెండు ఊళ్లకీ మూలదేవుడు ఒక్కడే, కాబట్టి మేమిద్దరం తౌవులం. తౌవులు ఒకళ్లనొకళ్లు ఎంత మాటైనా అనుకోవచ్చు. అన్నవాళ్లది తప్పు కాదు, ఉడుక్కున్నవాళ్లది తప్పు. వయసుతో పని లేదు. ఆరేళ్లుగా మా ఆఫీసులో పొద్దు అలాగే మొదలయ్యేది.

"ఏమే తౌవూ, కోరోకి ఇంకా దువ్వెనలు రాలేదా?" అనేవాడు నా జుట్టు చూసి.

"వచ్చాయి. కండవు వాళ్లు పడవేసుకొచ్చి ఎత్తుకుపోయారు."

"మరి తలలో పేలనైనా వదిలేశాం కదే, ఆ మాత్రం జాలి ఉంది మాకు."

షరీన్ మేడమ్ తలుపు వేసుకునేది. మీ గోల భరించలేక పోతున్నానర్రా అని అంటూనే చెవి ఇటే పెట్టేది.

సెతారెకి ఊళ్లకి తీసుకెళ్లే లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. ఆఫీసులో ఉన్నవన్నీ విండోస్. ఒక ఫైలు ఎక్కడుందో చెప్పే దారి అక్కడ ఒక రకంగా రాస్తారు, ఇక్కడ ఇంకో రకంగా. అక్కడ ఫోల్డరుకీ ఫోల్డరుకీ మధ్య గీత ఇటు వాలితే ఇక్కడ అటు వాలుతుంది. ఇక్కడ మొదట్లో డ్రైవు అక్షరం ఉండాలి, అక్కడ దాని ఊసే లేదు. అక్కడి దారిని ఇక్కడి దారిగా మార్చి, ఫైళ్లన్నిటినీ తరలించే ప్రోగ్రాము నేను రాశాను. ముచ్చటగా నలభై వరసలు. రాసిన రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

సెతారెకి ఫోల్డర్లు పెట్టే తీరొకటి ఉంది. ఊరు, అందులో వంశం, అందులో శాఖ, అందులో ఉపశాఖ, అందులో ఇల్లు, అందులో మనిషి. ఊళ్లో ఎవరి కింద ఎవరో అదే వరస. పెద్ద ఇంటివాళ్ల ఫైళ్లు పై ఫోల్డర్లోనే దొరికేవి. ఊరి చివర ఉండే చిన్న శాఖ వాళ్లవి కావాలంటే ఒకదానిలోంచి ఒకటి తెరుచుకుంటూ పోవాలి. పైగా ఏ పేరూ కుదించడు. బిరుదు, తండ్రి పేరు, పుట్టింటి ఊరు, అన్నీ ఉండాల్సిందే.

"కాస్త పొట్టిగా రాయి తౌవూ, కీబోర్డు అరిగిపోతోంది" అన్నాను ఒకసారి.

"మీ కోరో వాళ్లకి బిరుదులుంటేగా రాసే కష్టం తెలిసేది. ఆ పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని తన పేరు పూర్తిగా చెప్పింది. సగం రాసుకుని వచ్చేయమంటావా?"

విండోస్‌లో ఒక దారి మొత్తం కలిపి రెండువందల అరవై అక్షరాలు దాటకూడదని ఒక పాత నియమం. దాన్ని దాటించే ఉపాయం కూడా ఉంది, ఇంకో రెండు వరసలు రాస్తే సరి. ఆ నియమమూ తెలుసు, ఉపాయమూ తెలుసు, రాయలేదు. ఏ ఫైలు దగ్గరైనా పేచీ వస్తే ఆగొద్దు, దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్లిపో అని మాత్రం రాశాను. ఏది వదిలేశావో చెప్పమని కూడా రాయలేదు. ఆ శుక్రవారం నాలుగింటికి నాకు నెట్‌బాల్ ఆట ఉంది. తప్పులు చూపే ఎర్ర అక్షరాలు కనిపిస్తే వాటి సంగతి చూస్తూ కూర్చోవాలి. కాబట్టి కనిపించకుండా చేశాను. చివర్లో తెర మీద 'పూర్తయింది' అని వచ్చింది. అక్కడ ఎన్ని ఫైళ్లున్నాయి, ఇక్కడికి ఎన్ని వచ్చాయి అని ఒక్కసారి సరిచూసుకోకుండా లాప్‌టాప్ తుడిచేసి, సెతారెకి తర్వాతి ప్రయాణానికి సిద్ధంగా పెట్టి, ఆటకి పోయాను. గెలిచాం కూడా.

నెల తర్వాత నది ఎగువనున్న ఒక ఊరివాళ్లు మా ఆఫీసుకి వచ్చారు. పన్నెండు మంది. తమ పాటల డిస్కు తీసుకుపోవడానికి చాపలతో, మర్యాదకి కలిపి తాగే యంగోనా వేళ్ల కట్టతో వచ్చారు. హాల్లో అందరం కింద కూర్చున్నాం. మర్యాదలు అయ్యాక ఒక్కొక్కరి పాటా కాస్త కాస్త వినిపించాను. పెద్ద ఇంటివాళ్లు, వాళ్ల తర్వాతివాళ్లు, ఆ తర్వాతివాళ్లు. ఎవరి గొంతు వాళ్లు విని తల దించుకుని ముసిముసిగా నవ్వుకున్నారు.

తలుపు పక్కన లవేనియా అనే ముసలావిడ కూర్చుంది. ఆ ఊళ్లో చివరి ఇల్లు ఆవిడది. అందరి పాటలూ అయ్యేదాకా చూసింది.

"మరి నాది?" అంది.

ఆవిడ ఇంటి ఫోల్డరు తెరిచాను. ఖాళీ.

"రెండు రోజులు పాడాను. మా అమ్మ నాకు నేర్పింది, నాకు తప్ప ఎవరికీ రాదు. కప్పు కారుతుంటే ఈయన తన చొక్కా విప్పి ఆ యంత్రం మీద కప్పాడు."

సెతారెకి నా వైపు చూశాడు. "ఉండాలే తౌవూ. సరిగ్గా చూడు."

చూశాను. ఆ ఫోల్డరు దాకా వచ్చిన దారి తెర మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంది. లెక్కపెట్టక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోయింది. ఆ దారి చివర ఫైలు పేరు తగిలిస్తే రెండువందల అరవై దాటుతుంది. దాటినవన్నీ నా ప్రోగ్రాము వదిలేసింది. మిగిలిన ఒకే ఒక్క ప్రతిని నేను తుడిచేశాను. తప్పు నాది అనడానికి రెండు మాటలు చాలు. పన్నెండు మంది నా మొహమే చూస్తున్నారు, వెనక షరీన్ మేడమ్ నిలబడి ఉంది.

"చూడ్డానికేముంది ఇందులో" అన్నాను పెద్దగా. "కండవు వాళ్ల సంగతి తెలీనిదెవరికి? ఒక చేతిలోకి యంగోనా చిప్ప వచ్చిందంటే రెండో చెయ్యి ఎక్కడుందో తెలీదు. రికార్డు మీట నొక్కకుండానే రెండు రోజులూ తలూపుతూ కూర్చుని ఉంటాడు."

హాలంతా ఘొల్లుమంది. తౌవు అన్న మాటకి ఎవరైనా నవ్వాల్సిందే, పడ్డవాడు అందరికన్నా ముందు నవ్వాలి. సెతారెకి నవ్వాడు.

"కోరో పిల్ల అందంటే నిజమే అయ్యుంటుంది" అన్నాడు. "అబద్ధమాడాలంటే కాస్తయినా తెలివుండాలి కదా."

మళ్లీ నవ్వులు. ఆయన మాటకి నేనూ నవ్వాను. లవేనియా మాత్రం నవ్వలేదు.

"చివరి ఇల్లు కదా" అని, తన చాప చుట్టుకుని, మిగతావాళ్ల కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోయింది.

తర్వాత మూడు రోజులు ఆ లాప్‌టాప్‌ని తవ్వాను. తుడిచిన చోటే సెతారెకి కొత్త ఊరి రికార్డులు పేర్చేశాడు, పాతవాటి ఆనవాలు కూడా దొరకలేదు. ప్రోగ్రాముకి ఆ రెండు వరసలూ చేర్చాను. ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను, ఆ రేపు ఆరు వారాలైంది. ఈలోగా ఆయనతో మామూలుగానే మేలమాడాను. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నా మొహం నాకు చూడబుద్ధి కాదు.

ఒకరోజు ఆయన ఏదో ఊరి నుంచి ఫోను చేశాడు. "తౌవూ, ఎర్ర దీపం వెలుగుతోంది. అంటే నొక్కినట్టేగా?"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. "కండవులో దీపాలు కొత్తా?" అన్నాను.

"కాదే. నిజంగానే అడుగుతున్నా. ఒకసారి చెప్పు."

ఆ రోజు ఇంకో రెండుసార్లు ఫోను చేసి అదే అడిగాడు.

ఆ తర్వాతి సోమవారం షరీన్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. సెతారెకి వచ్చే నెల నుంచి ఊళ్లు తిరగనన్నాడట, ఆఫీసులోనే ఏదో ఒక పని ఇమ్మన్నాడట. "చేతులు మరిచిపోతున్నాయి మేడమ్ అంటున్నాడు. పోయిన శనివారం ఆ ఊరికి వెళ్లాడు తెలుసా? వాళ్ల తాతల నాటి తంబువా, ఆ తిమింగలం పన్ను పట్టుకుని వెళ్లి లవేనియా ముందు తల వంచి క్షమాపణ అడిగాడు. ఆవిడ పన్ను తీసుకుంది. పాట మాత్రం మళ్లీ పాడనంది."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. నియమం, ఉపాయం, వదిలేసిన ఫైళ్లు, తుడిచిన లాప్‌టాప్, నవ్వు, అన్నీ.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"ఆ రోజే తెలిసింది. హాల్లోనే."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "తప్పులు చేసినవాళ్లని చాలామందిని చూశాన్లే. ఆ మనిషి కాదని ఒక్క మాట అనలేడని తెలిసి అన్నావు చూడు, అదీ. పో. ఆయనకి నువ్వే చెప్పు."

ఊరి బయట నైన్ మైల్ అనే చోట బస్సు దిగి వాళ్లింటికి నడిచాను. సెతారెకి అరుగు మీద కూర్చుని కసావా దుంపలు చెక్కు తీస్తున్నాడు. దూరం నుంచే కేకేశాడు.

"ఏమే, కోరోలో తిండి అయిపోయిందా?"

తీసుకొచ్చిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. తరలించే ముందు నా ప్రోగ్రాము రాసుకున్న పేర్ల జాబితాలోంచి, లవేనియా ఫైళ్లలో ఒకదాని దారి అంతా అందులో అచ్చు వేయించాను. రెండువందల డెబ్భై ఒక్క అక్షరాలు. రెండువందల అరవై ఎక్కడ దాటిందో అక్కడ గీత గీశాను. ఏం జరిగిందో చెప్పాను. హాల్లో నాకు తెలిసే అన్నానని కూడా చెప్పాను. అది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఆ కాగితం మీద వేలు పెట్టి పేరు తర్వాత పేరు చదువుకుంటూ వెళ్లాడు.

"అయితే నేను నొక్కాను" అన్నాడు.

"నొక్కావు తౌవూ."

"రెండు రోజులూ?"

"రెండు రోజులూ. పద్నాలుగు ఫైళ్లు."

చాకు పక్కన పెట్టి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మతి పోతోందేమో, డాక్టరుకి చూపించుకుందాం అని ఇంట్లో చెప్పాను. మా నాన్నకి ఇలాగే మొదలైంది. వచ్చే బుధవారం రమ్మన్నారు." చాకు మళ్లీ చేతిలోకి తీసుకుని, "నాకేం కాలేదన్నమాట" అన్నాడు.

ఆ మాటలో ఉన్న సంతోషం చూడలేక నేల వైపు చూశాను. నన్ను కొట్టినా బాగుండేది.

"తిట్టు తౌవూ" అన్నాను. "కోరో వాళ్లకి లెక్క రాదను. దొంగల దీవి అను. ఏదో ఒకటి అను."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకు తిరిగిచ్చాడు. లేచి, నడుముకి చుట్టుకున్న సులు సర్దుకుని, చేతులు కడుక్కున్నాడు.

"వాన పడేలా ఉంది, లోపలికి రండి ఉనైసి గారూ" అన్నాడు. "శనివారం పొద్దున లారీ ఉంది. ఆ పెద్దావిడకి చెప్పాలి కదా, నేను కూడా వస్తాను. ఎక్కడ కూర్చోవాలో, ఏం మాటలతో మొదలుపెట్టాలో నేను మీకు చెబుతాను. భయపడకండి."

తర్వాత లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. ఆఫీసు నుంచి అమ్మాయిగారు వచ్చారు, కొత్త చాప వెయ్యమన్నాడు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో నాకెవరూ చాప వెయ్యలేదు, నేనే వెళ్లి వంటగదిలో గిన్నెల మూతలు తీసి చూసేదాన్ని. ఆవిడ చాప పరిచి పక్కకి జరిగింది. నేను దాని మీద కాళ్లు ముడుచుకుని, అడిగినదానికి జవాబు చెబుతూ, టీ చల్లారేదాకా కూర్చున్నాను.