ఆడవాళ్ల బియ్యం

అత్తగారి వంటింట్లో బియ్యం తీస్తున్నాను. "అది కాదమ్మాయ్, అది మగవాళ్ల డబ్బా. మనకు ఆ పక్కదాంట్లోంచి తియ్యి" అంది ఆవిడ.

మగవాళ్ల డబ్బాలో ఉన్నవి బజారులో కొన్న, దేశపు ఈశాన్య ప్రాంతంలో పండిన మేలురకం బియ్యం. పక్కదాంట్లోవి ఇంటి పొలంలో పండినవి. ఆ పొలానికి ఎగువన లోహాలు కరిగించే కార్ఖానా ఉండేది. అది మూతపడినా కాడ్మియం విషం నేలను వదల్లేదు. ఆ బియ్యం ఎవరూ ముట్టడం లేదని నాతో చెప్పింది మా ఆయనే.

"ఇలా వేరుగా వండమని ఎవరు చెప్పారత్తయ్యా?"

"ఇంకెవరు, నీ మొగుడే. ఇంటి బియ్యం కాస్త నాసిరకం, పారేయడమెందుకు, మీరు కానిచ్చేయండి అన్నాడు. ఆడవాళ్లం తినేదెంతలే!"

మా ఆయన క్వాంగ్ లీషిన్, ఒక వరి పరిశోధన కేంద్రంలో పెద్ద అధికారి. కాడ్మియం గురించి అతను నోరు విప్పితే హాలంతా చప్పట్లే. నేనూ అక్కడే పనిచేస్తాను. మడిలో నిలబడి, పట్టకారుతో వరి పూలు విప్పి సంకరం చేసే నన్ను అందరూ "క్వాంగ్ గారి ఆవిడ" అంటారు. దానికి ఎప్పుడో అలవాటుపడ్డాను. కానీ మా ఏడేళ్ల కూతురు చింగ్ సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిపింది. ఏ డబ్బా అన్నం తిందో అడగక్కర్లేదు.

రెండు రకాలూ వండాను. భోజనాల దగ్గర లీషిన్ తనతో వచ్చిన ఇద్దరు ఉద్యోగులకు సారా పోస్తూ పాఠం మొదలుపెట్టాడు. "ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే వేరు కాడ్మియాన్ని లోపలికే రానివ్వదు. ఇంకో జన్యువు గట్టిదైతే వేరు ఆ విషాన్ని తనలోనే దాచుకుని గింజను కాపాడుతుంది. అచ్చం మన ఆడవాళ్ల ఓర్పు!"

వాళ్లు పగలబడి నవ్వారు. ఏ వేరూ మొగుడి మాట నమ్మి విషం మింగదు. ఆ మాట పైకి అనలేదు. రెండో గిన్నెలోంచి అన్నం తీసి అతని గిన్నెలో పెట్టాను.

"ఇంటి పంట. తిను."

అతని చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. "నలుగురి ముందు ఏంటీ వేషాలు?"

"నాసిరకమేగా. కానిచ్చెయ్యి."

గిన్నెను దూరంగా నెట్టేశాడు. కూతురి కడుపులోకి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నవాడు, ఒక్క మెతుకు తన నోట్లో పెట్టుకోలేకపోయాడు. నాకు కోపం కూడా రాలేదు. ఇలాంటివాడి చొక్కాలా ఇన్నాళ్లూ ఇస్త్రీ చేశాను అని రోత పుట్టింది.

నడుం పట్టుకుని అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఆ నడుం నొప్పి ఆవిడకు ఏళ్లనాటిది; కాడ్మియం ఎముకల్ని గుల్ల చేస్తుంది.

"ఎందుకు తినవురా?"

"అది మంచిది కాదమ్మా" అని గొణిగాడు.

"మరి నాకు?"

అతిథులిద్దరూ తలలు దించుకున్నారు. లీషిన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"చింగ్‌ను ఆసుపత్రిలో చూపించాలి" అంటూ నేను గదిలోకి వెళ్లి పెట్టె తెరిచాను. చింగ్ బట్టలు సర్దుతుంటే అత్తయ్య వచ్చి వెనక నిలబడింది. చేతిలో రెండు జతల బట్టలున్నాయి.

"నన్ను కూడా ఆసుపత్రిలో చూపిస్తావా? పెట్టెలో చోటుందా?"

లీషిన్ బట్టలు తీసి మంచం మీద పడేశాను.

"ఉందత్తయ్యా."