అభ్రకంలో చోటు

అభ్రకం పొరల మధ్య పొటాషియం పాతకాపులా తిష్ఠ వేసుకుని ఉంటుంది. ఉప్పునీళ్లు పోసి, ఉక్కు పాత్రలో బిగించి, బాగా వేడిచేస్తే అది అంచుల నుంచి మెల్లగా కదిలి సోడియానికి చోటిస్తుంది. పుస్తకాల్లో ఇస్తుంది. ఆమె ప్రయోగశాలలో మాత్రం ససేమిరా అంటోంది.

ఆమెకు ఓపిక తక్కువ. పొద్దున రాగానే పాత్ర చల్లార్చి, మూత తీసి, పీహెచ్ మీటర్ గాజు కడ్డీ ముంచి చూసి, మళ్లీ బిగించేది. నాటిన మొక్కను రోజూ పీకి వేరు పట్టిందా అని చూస్తే ఏ మొక్క బతుకుతుంది?

ఇంట్లోనూ ఇదే వరస. భార్య పోయిన మనిషిని చేసుకుని, అతని కూతురికి పిన్ని అయింది. కానీ ఆ పిల్ల నోట ఇంతవరకు ‘పిన్నీ’ అన్న పిలుపు రాలేదు. ఆ పిలుపు కోసం ఈమెకు గంపెడాశ. అందుకే భోజనాల దగ్గర రోజూ పరీక్షే.

“నేనంటే కోపమా?”

“లేదండీ.”

“మరి నాతో మాట్లాడవేం?”

పిల్ల కంచంలోకి తల దించుకునేది.

“వదిలెయ్యవే, చిన్నపిల్ల” అనేవాడు భర్త.

“మీకేం, కన్నతండ్రి!” అని విరుచుకుపడేది. అన్నాక తనకే ఏడుపొచ్చేది.

ఇంతలో మీటర్ పాడైంది. గత్యంతరం లేక పాత్రను కదిలించకుండా వదిలేసింది. చివరికి తెరిచి పరీక్షిస్తే అభ్రకంలో పొటాషియం చోటు సగానికి పైగా సోడియానిదే! ఆమె నోరెళ్లబెట్టింది.

పక్క బల్ల దగ్గరి సీనియర్ పకపకా నవ్వింది. “ఆ కడ్డీలో ఉండేదేంటి తల్లీ? పొటాషియం ద్రావణమే కదా! ముంచినప్పుడల్లా కాస్త కారుతుంది. నీళ్లలో ఆ కాస్త ఉన్నా చాలు, లోపలిది బయటికి రాదు. చూసి చూసి నువ్వే చెడగొట్టావు.”

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! బస్సులో ఇంటికి వెళ్తూ ఆమె ప్రయోగం గురించి ఆలోచించలేదు. భోజనాల దగ్గర ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్లతో పాటు మింగేసింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

ఒక ఉదయం పిల్ల దువ్వెన పట్టుకొచ్చి ఆమె ముందు వీపు తిప్పి కూర్చుంది. “నాన్న దువ్వితే జుట్టు ఊడొస్తోంది. మీరు దువ్వండి.”

ఆమె సంబరంగా నడినెత్తిన దువ్వెన పెట్టింది.

“అలా కాదు. అమ్మ కింది నుంచి దువ్వేది.”

ఆమె మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ ఆ తల్లి చోటు ఖాళీ కావాలనే తాను కాచుకుని కూర్చుందని అప్పుడు తెలిసి, సిగ్గేసింది.

“ఎలాగో చూపించు.”

పిల్ల ఆమె మణికట్టు పట్టుకుని జుట్టు చివర్ల దగ్గరికి దించింది. ఆమె అక్కడి నుంచి మొదలుపెట్టింది. చిక్కు ఒక్కో పోగే విడుతోంది. ‘నొప్పిగా ఉందా?’ అని అడగబోయి ఊరుకుంది.

కాసేపటికి పిల్ల తనంతట తానే అంది. “నొప్పి లేదు, పిన్నీ.”