నురుగులో దీవి

మాఘమాసం వచ్చిందంటే చోడవరం చుట్టూ బెల్లం పాకల్లో పొయ్యిలు రాజుకుంటాయి. బంగార్రాజు పాకలోనూ అంతే. ఎడ్లు గానుగ తిప్పుతాయి, పాలేరు పరదేశి పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తాడు, పెనంలో రసం పొంగుతుంది. పొంగు అంచుదాకా వస్తే బంగార్రాజు సీసా వంచి రెండు చుక్కలు ఆముదం వేస్తాడు. పొంగు బుద్ధిగా కూర్చుంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ చెయ్యి అతన్నడక్కుండానే ఈ పని చేసేస్తోంది.

ఆ పెనం అతని తాత ట్రినిడాడ్ దీవిలో చెరుకు నరికి, ఓడలో తిరిగొస్తూ తెచ్చుకున్నది. మధ్యాహ్నం కాచే రసంలో నురుగు లేస్తే అందులో ఆ దీవి కనబడేది. పని సర్దుకున్నవాళ్ళు నురుగులోకి దిగి, కాసేపు సెలవు గడిపి వచ్చేవారు. అక్కడేం చెయ్యాలో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు: ముందు సముద్రస్నానం, తరవాత వేయించిన చేప, ఆపైన పడవ షికారు, చివర్న ఇనప పీపాల మీద వాయించే పాట. నురుగు అణగకముందే ఇవతలికి వచ్చెయ్యాలి. రసం కాలడమంటారా, భయపడ్డవాళ్ళకే కాలుతుంది.

అందుకే బంగార్రాజు ఒక్కసారీ వెళ్ళలేదు. భుజమ్మీద బల్లి పడితే చొక్కా చింపుకునే మనిషి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి మాఘంలో, ఓ మధ్యాహ్నం, అతని పెళ్ళాం రాజ్యం కొంగు బిగించింది.

"మావా, నానెల్లొస్తాను. పొంగితే పొయ్యిలోంచి మంట లాగించు. ఆముదం మాత్రం ఎయ్యకు."

"ఎయ్యనే. బేగి వచ్చీ."

"నువ్వూ రారాదా? సేప తినిపిస్తాను."

"నాకు సేప పడదు," అన్నాడు, పొద్దున్నే చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్న పెద్దమనిషి.

రాజ్యం నవ్వుతూ దిగిపోయింది. తెల్లటి ఇసక మీద ఆమె నీలం చీర చిన్నదైపోతూ కనబడింది.

పొంగు అంచు దాటబోయింది. చెయ్యి సీసా అందుకుంది. రెండు చుక్కలు.

నురుగు చప్పున అణిగిపోయింది. సముద్రం లేదు, ఇసక లేదు. ఎర్రటి పాకం బుడబుడమంటోంది.

"ఏటి సేసేవురా!" అతని తల్లి అచ్చియ్యమ్మ పరిగెత్తుకొచ్చింది. "పాకం ముదిరితే మరి దారుండదు. పరదేశీ, మంట లాగీ!"

పరదేశి మంట లాగేడు. అయినా పాకం చిక్కబడుతూనే ఉంది. అడుగునుంచి పీపాల చప్పుడు సన్నగా వినిపించి, ఆగిపోయింది.

"నాను దిగుతానమ్మా," అన్నాడు పరదేశి.

"నీకందదురా. మూసినోడి సెయ్యే తియ్యాల."

బంగార్రాజు చొక్కా చెయ్యి పైకి మడిచి, మళ్ళీ దింపేసేడు. "అమ్మా, కాల్తాదే."

"బయం లేపోతే కాలదు."

"బయమేస్తందే!"

"ఐతే కాల్తాది," అంది అచ్చియ్యమ్మ.

బంగార్రాజు మోచేతిదాకా చెయ్యి ముంచేడు. భయం పోలేదు. కాలింది. అతని కేకకి గానుగ ఎడ్లు నిలబడిపోయేయి. చెయ్యి మాత్రం తియ్యలేదు. తడిమేడు, ఏడుస్తూ తడిమేడు. చివరికి నాలుగు చల్లటి వేళ్ళు దొరికేయి.

రాజ్యం జుట్టునిండా ఇసకతో వచ్చి పడింది. "సేప నోట్లో కూడా ఎట్టుకోనేదు మావా..." అంటూనే అతని చెయ్యి చూసి, తన తడి కొంగు దానికి చుట్టింది.

మళ్ళీ మాఘం వచ్చింది, నురుగు లేచింది. ఆముదం సీసా అచ్చియ్యమ్మ తన బొడ్డులో దోపుకుంది. రాజ్యం మొగుడి పక్కన నిలబడింది.

"బయమేస్తందే," అన్నాడు బంగార్రాజు.

"నాకు తెల్దేటి? ఏ సెయ్యి ముందెడతావు?"

బంగార్రాజు కాలిన చెయ్యే ముందు పెట్టేడు.