అంబాసిడర్‌కు తీర్థం

గేటు దగ్గర పాత ఇనుము లారీ హారన్ కొడుతోంది. షెడ్డులో పన్నెండేళ్లుగా పడున్న అంబాసిడర్ రెండుసార్లు దగ్గి మళ్లీ చచ్చింది.

“పదకొండులోగా స్టార్ట్ కాకుంటే లారీ ఎక్కిస్తా మామా. నా స్కూటీకి చోటు లేదు,” అంది కోడలు హేమలత.

పెద్దమునియప్ప బానెట్ మీద బోర్లా పడ్డాడు. “మా పెండ్లి కారు ఇది! నువ్వే ట్యాంకులో చక్కెర పోసుంటావు!”

మెకానిక్ తిరుపాలు ట్యాంకు అడుగున బిరడా విప్పి బేసిన్ పట్టాడు. ముందు నీళ్లొచ్చాయి, వెనకే నల్లబడిన తులసాకులు.

“చక్కెర కాదప్పా, తీర్థం! పోసినోళ్లు ఎవరో తేలితేనే కొత్త పెట్రోల్ పోస్తా. లేకుంటే దసరాకి మళ్లీ ఇదే గతి.”

అందరూ పెద్దమునియప్ప పెళ్లాం నంజమ్మ వైపు చూశారు; ఇంట్లో పూజలు చేసేది ఆమే.

“నేను కాదప్పా. ఏటా ఆయుధపూజకి, తీర్థం మనం తాగి బండికి పోయకుంటే పాపమని చెంబుతో పోసింది ఆయన.”

“ఏ ఆయన? దేవుడా?” అంటూ పెద్దమునియప్ప మీసం దువ్వాడు. “పేరు చెప్పవే, చూద్దాం!”

యాభై ఏళ్లలో ఆమె మొగుడి పేరు ఒక్కసారీ పలకలేదు. ఆ ధైర్యంతోనే అతను నవ్వుతున్నాడు.

లారీవాడు కారుకి తాడు కట్టడం మొదలుపెట్టాడు. నంజమ్మ తాను పెళ్లికూతురుగా కూర్చున్న వెనక సీటు వైపు చూసి, కొంగు నడుముకు బిగించి, వీధంతా వినబడేలా అరిచింది:

“పెద్దమునియప్ప!”