ఏడో పిలుపు

ముప్పై ఆరేళ్లు! ముప్పై ఆరేళ్లుగా ఆ మాట బ్రైనా గుండెల్లో భగ్గున మండుతూనే ఉంది.

అప్పుడామెకి పదమూడు. బ్రూక్లిన్‌లోని వాళ్ల యూదు ప్రార్థనామందిరంలో పదమూడు నిండిన మగపిల్లాడికి శనివారం పొద్దున, నిండు సభలో, ధర్మగ్రంథం రాసిన తోలుచుట్ట విప్పి చదివే పండగ చేసేవాళ్లు. ఆడపిల్లకి శుక్రవారం సాయంత్రం అచ్చు పుస్తకంలోంచి ఓ పేజీ. అంతే, సరిపెట్టుకోవాలి! బ్రైనా మాత్రం ఏడాదిపాటు కూర్చుని చుట్టలోని భాగమంతా రాగంతో సహా నేర్చుకుంది. ప్రతి శనివారం దీవెన చదవడానికి ఏడుగుర్ని చుట్ట దగ్గరికి పేరుపెట్టి పిలిచే పని మెండెల్‌ది. వెళ్లి అతన్నే అడిగింది.

"శనివారం నన్నూ పిలవండి, మెండెల్ గారూ."

మెండెల్ పదిమందిలో పగలబడి నవ్వాడు. "పిలుస్తాలే, టీ పొయ్యడానికి! ముందు వంటింట్లోకి పోయి కప్పులు సర్దు."

నాన్న నఫ్తాలీ తలొంచుకున్నాడు. ఆ తలొంచుకోవడమే ఆమెని ఎక్కువ కోసేసింది.

రోజులు మారాయి. ఆడవాళ్లూ చుట్ట చదువుతున్నారు. పేరుపెట్టి పిలిచే పని ఇప్పుడు బ్రైనాది. ఈ శనివారం పండగ ఎవరికనుకున్నారు? మెండెల్ మనవరాలు తాలియాకి!

"ఏడుగుర్ని మీ ఇష్టమొచ్చినట్టు పిలవండి అక్కా. తాతయ్యని మాత్రం మర్చిపోకండి," అంది తాలియా తల్లి.

"మర్చిపోతానా! ఇన్నేళ్లూ మర్చిపోలేదే," అంది బ్రైనా.

మెండెల్ కొత్త శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బ్రైనా ముందు తాలియా తల్లిని పిలిచింది. అమ్మమ్మని పిలిచింది. పిన్నుల్ని, అత్తల్ని పిలిచింది. ఆరుగురూ ఆడవాళ్లే. ప్రతిసారీ ముసలాడు లేవబోవడం, చతికిలబడడం. ఏడోసారి లేచి నిలబడే ఉన్నాడు.

బ్రైనా గొంతు ఖంగుమంది. "నఫ్తాలీ కూతురు బ్రైనా!"

తన పేరు తనే పిలుచుకుని, తనే చుట్ట ముందు నిలబడి, దీవెన చదివింది. అబ్బ, ఎంత హాయి!

పక్కకి జరుగుతుంటే మెండెల్ గొణిగాడు. "మరి నన్నో?"

"పిలుస్తాలెండి, టీ పొయ్యడానికి."

ముసలాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. గుర్తొచ్చింది. మనవరాలు చదువుతున్నంతసేపూ తలెత్తలేదు.

తర్వాత హాల్లో టీ కప్పు పట్టుకుని ఆమె ముందుకొచ్చాడు. తాలియా చూస్తోంది, అందరూ చూస్తున్నారు. క్షమించమని అడగబోతూ కప్పు ఆమెకి అందించాడు.

బ్రైనా తీరిగ్గా ఓ గుక్క తాగి కప్పు అతని చేతికే తిరిగిచ్చింది.

"చక్కెర తక్కువైంది. ఇంకోటి పట్రండి."